ముప్పై మంది ముందు నిలబడే రోజుకు: యువ సైనికాధికారికి ఒక మార్గదర్శి

డెహ్రాడూన్‌లోనో చెన్నైలోనో పాసింగ్ అవుట్ పరేడ్ ముగుస్తుంది. అమ్మానాన్నలు భుజాల మీద నక్షత్రాలు తొడుగుతారు, అందరూ ఫొటోలు దిగుతారు. కొన్ని వారాలు తిరగకుండానే ఆ ఇరవై రెండేళ్ల లెఫ్టినెంటు ముప్పై మందికి పైగా ఉన్న ప్లాటూన్ ముందు నిలబడతాడు. ఆ వరసలో కొందరు, ఇతను పలకాబలపం పట్టుకుని బడికి వెళ్లే రోజుల్లోనే కశ్మీర్‌లో గస్తీ తిరిగినవాళ్లు. వాళ్లు సెల్యూట్ చేస్తారు. అది నక్షత్రాలకు. మనిషిని మాత్రం మెల్లగా తూచుకుంటారు. వారం తిరిగేసరికి తూకం తేలిపోతుంది.

నేను పదాతి దళంలో పనిచేసి బయటికి వచ్చినవాణ్ణి. మా ఊళ్లో ఎన్‌సీసీ పిల్లలు, సైనికాధికారి కావడానికి ఎన్‌డీఏ, సీడీఎస్ పరీక్షలు రాసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటే: నాయకత్వం ఎలా అలవడుతుంది సార్? వ్యక్తిత్వ వికాస తరగతుల్లో గొంతు పెంచి మాట్లాడటం, ఛాతీ విరుచుకుని నడవడం నేర్పుతారు. వాటితో ఒరిగేది తక్కువ. సైన్యంలో నాయకుడు బతికేది, తనవాళ్లను బతికించేది తన దగ్గరికి వచ్చే నిజం మీద. దారిలో ఏముందో, వెనక ఎవరి కాలు బొబ్బలెక్కిందో, వేసిన పథకంలో ఎక్కడ చిల్లుందో ఎవరో ఒకరు వచ్చి చెప్పాలి. వాళ్లు నోరు విప్పేలా మీరు తయారు కావాలి. ఈ మార్గదర్శి అంతా ఆ తయారీ గురించే. అకాడమీకి వెళ్లబోయేవాళ్లకూ కొత్తగా యూనిట్‌లో చేరినవాళ్లకూ పనికొస్తుంది. అమ్మాయిలకూ ఇదే పాఠం. చెన్నై అకాడమీ వాళ్లకు 1992లో, ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీ (ఎన్‌డీఏ) 2022లో తలుపు తెరిచాయి.

మొదట ఒక నోటుబుక్కు

శీలం అనే మాట వినగానే ఉపన్యాసం గుర్తొస్తుంది. దాన్ని కాసేపు పక్కన పెట్టి, జేబులో పట్టే చిన్న నోటుబుక్కు ఒకటి కొనుక్కోండి. రోజూ పడుకునే ముందు మూడు వాక్యాలు రాయండి: ఈ రోజు చేస్తానని ఎవరికి ఏం చెప్పాను, అందులో ఏం చేశాను, ఎక్కడ నిజాన్ని కాస్త తగ్గించో పెంచో చెప్పాను.

మూడో వాక్యం దగ్గర చెయ్యి ఆగుతుంది. "దారిలో ఉన్నాను" అని ఫోనులో చెప్పి అప్పటికి చొక్కా కూడా తొడుక్కోకపోవడం, చదవని పుస్తకాన్ని చదివానని అనడం, ఆలస్యానికి ట్రాఫిక్‌ను సాకుగా చూపడం. ఇవి పెద్ద నేరాలేమీ కావు. కానీ ఇదే అలవాటు రేపు "గస్తీ ఫలానా కొండ దాకా వెళ్లి వచ్చింది" అనే నివేదికగా మారుతుంది. గస్తీ మాత్రం ఆ కొండకు కిలోమీటరు ఇవతలే ఆగి ఉంటుంది. ఆ నివేదికను నమ్మి మర్నాడు ఇంకో బృందం అటు కదులుతుంది. మొక్కై వంగనిది మానై వంగదు కాబట్టి ఈ పని కాలేజీలో ఉండగానే మొదలుపెట్టండి. నలభై రోజులు రాసి, వెనక్కి తిప్పి చదవండి. ఏ పరిస్థితిలో మీ నాలుక జారుతోందో కనిపిస్తుంది. చాలామంది విషయంలో అది భయం కాదు, మొహమాటం.

ఇక్కడ అధికారులను ఎంపిక చేసే బోర్డు, ఎస్‌ఎస్‌బీ గురించి ఒక మాట. అయిదు రోజుల ఆ ఎంపికలో పదిహేను లక్షణాలు వెతుకుతారని అందరికీ తెలుసు. వాటికి జవాబులు బట్టీ పట్టించే కోచింగ్ కేంద్రాలు కూడా అన్ని ఊళ్లలోనూ వెలిశాయి. అరవై పదాలు ఒక్కొక్కటీ పదిహేను సెకన్ల చొప్పున తెర మీద మెరుస్తుంటే, ఆ వెంటనే అరవై సందర్భాలకు అరగంటలో స్పందన రాయమంటే, అరువు తెచ్చుకున్న ముసుగు ఎంతసేపు నిలుస్తుంది? పరీక్ష తీరు తెలుసుకోవడానికి పది రోజుల సాధన చాలు. మిగతా కాలం నోటుబుక్కుకు ఇవ్వండి.

1932 డిసెంబరులో డెహ్రాడూన్ అకాడమీ ప్రారంభోత్సవంలో అప్పటి సర్వసేనాధిపతి జనరల్ చెట్వుడ్ చెప్పిన మూడు మాటలు అక్కడి హాల్లో నేటికీ చెక్కి ఉన్నాయి. దేశ భద్రత, గౌరవం, సంక్షేమం ఎప్పుడూ మొదట. మీ కింద పనిచేసేవాళ్ల గౌరవం, సంక్షేమం, సౌకర్యం తర్వాత. మీ సుఖం, మీ భద్రత ఎప్పుడూ చివర. కేడెట్లందరికీ ఇది కంఠతా వస్తుంది. కంఠం నుంచి కాళ్లకు దిగాలంటే చిన్న పనుల్లో వాడాలి. ఎన్‌సీసీ శిబిరంలో పళ్లెం పట్టుకుని వరసలో చివర నిలబడండి. చివరివాడికి కూర అడుగంటిందని అప్పుడే తెలుస్తుంది. ట్రెక్కింగ్‌లో అందరికంటే వెనకబడ్డవాడి సంచి పుచ్చుకోండి. సూర్యాపేట బిడ్డ, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో నేలకొరిగేనాటికి 16 బిహార్ దళానికి కమాండింగ్ అధికారి. అంత హోదాలో ఉన్న మనిషి ఆ రాత్రి తన జవాన్లతో పాటు ముందు వరసలో ఉన్నారు. మరణానంతరం మహావీర్ చక్ర వచ్చింది.

కాళ్లు, చేతులు, దిక్సూచి

శరీరం గురించి ఎక్కువ చెప్పను. ఒంటి మీద సామగ్రితో, చేతిలో ఆయుధంతో 5 కిలోమీటర్ల పరుగు, 60 మీటర్ల వేగపు పరుగు, నిలువు తాడు, అడ్డ తాడు, 9 అడుగుల గొయ్యి దూకడం, ఇవన్నీ మా రోజుల్లో సైన్యం క్రమం తప్పకుండా పెట్టిన పరీక్షలు. మీ ప్లాటూన్‌లో మీరు అందరికంటే వేగంగా పరుగెత్తనక్కర్లేదు. కానీ చివరి అయిదుగురిలో ఉంటే ఆయాసం తప్ప ఆలోచన సాగదు. అలిసిన బుర్ర మొట్టమొదట వదిలేసేది లెక్కలను, ఆ తర్వాత మర్యాదను.

చేతిపనుల్లో అందరూ తేలిగ్గా తీసుకునేది మ్యాపు. ఫోనులో చుక్క చూసి నడిచే తరానికి ఇది పాతకాలపు విద్యలా తోస్తుంది. బ్యాటరీ అయిపోవచ్చు, సంకేతాలను శత్రువు అడ్డుకోవచ్చు. అప్పుడు మిగిలేది కాగితం, దిక్సూచి, మీ అడుగుల లెక్క.

సాధన ఇలా చేయండి. 1:50,000 మ్యాపులో రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. గడుల మీద ఉన్న అంకెలను ముందు ఎడమ నుంచి కుడికి, తర్వాత కింద నుంచి పైకి చదవాలి. ఈ వరస తారుమారైతే మీరు పిలిచిన ఫిరంగి గుండు ఇంకెక్కడో పడుతుంది. ఆరు అంకెల సూచికతో ఒక చోటును వంద మీటర్ల లోపు గుర్తించవచ్చు. తర్వాత కాలేజీ మైదానంలో వంద మీటర్లు కొలిచి, మామూలు నడకలో మీకు ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టండి. అదే దూరాన్ని బరువు మోస్తూ, ఎగుడులో, దిగుడులో, చీకట్లో మళ్లీ కొలవండి. నాలుగు వేర్వేరు అంకెలు వస్తాయి. నాలుగూ నోటుబుక్కులో రాసుకోండి. దిక్సూచి చెప్పేది భూమి అయస్కాంతపు ఉత్తరం, మ్యాపు గీతలు చూపేది మరో ఉత్తరం. ఆ తేడా మ్యాపు అంచున ముద్రించి ఉంటుంది. చూడకుండా బయలుదేరకండి.

నేను ఇవన్నీ చూసుకునే బయలుదేరాను, యూనిట్‌లో చేరిన రెండో నెలలో. రాత్రి కవాతు. ముందు నేను, వెనక ముప్పై రెండు మంది. మలుపు మలుపుకూ ఆగి దిక్సూచిని కంటి దగ్గరికి తెచ్చి, చీకట్లో మెరిసే గుర్తును చూసి దిశ పట్టుకుంటున్నాను. రెండు గంటలు గడిచినా రావలసిన వాగు రాలేదు. రావలసినది ఎడమ పక్కన ఉండిపోయింది. మూడు కిలోమీటర్లు దారి తప్పాం. కారణం తెల్లవారాక తెలిసింది: ఛాతీ మీద అడ్డంగా వేలాడుతున్న నా రైఫిల్. ఉక్కు దగ్గరగా ఉంటే ముల్లు దారి తప్పుతుందని అకాడమీలో పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. చలిలో, తొందరలో, ఆయుధాన్ని పక్కకు జరపాలన్న ధ్యాస రాలేదు.

అంతకంటే కలుక్కుమన్నది ఇంకొకటి. మా సుబేదార్ సాబ్‌కు, అంటే జవానుగా చేరి పైకొచ్చిన మా ప్లాటూన్ పెద్దమనిషికి, మొదటి అరగంటలోనే అనుమానం వచ్చిందట. ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీరు అడగలేదు సాబ్" అన్నారు.

ఆలోచనకు "కాబట్టి" పరీక్ష

సైనిక ఆలోచన అంటే మెరుపులా తట్టే ఉపాయం అనుకుంటారు. నిజానికి అది మోటైన, నిదానమైన పని: ఉన్న విషయాలను వరసగా రాసుకుని, ప్రతి విషయం పక్కన "కాబట్టి" అని రాయడం. ఆ మాట తర్వాత రాయడానికి ఏమీ లేకపోతే ఆ విషయం కొట్టేయండి.

"దారిలో వాగు ఉంది" అన్నది సమాచారం మాత్రమే. "వాగు ఉంది, కాబట్టి అరగంట ముందు బయలుదేరాలి, రేడియో సెట్‌కు నీళ్లు తగలకుండా చుట్టాలి, దాటేటప్పుడు ఒక సెక్షన్ (పది మంది జట్టు) ఇవతలి గట్టున కాపలా ఉండాలి" అన్నది ఆలోచన. నేల, వాతావరణం, శత్రువు, మన బలం, సమయం, ఈ అయిదింటికీ ఇలా రాసుకుని, కనీసం రెండు దారులు తేల్చి, రెండింటిలోనూ లోపాలు వెతికి, ఒకటి ఎంచుకోవాలి. మొదటి ఉపాయాన్నే పట్టుకుని వేలాడితే, మిగతా సమయమంతా దాన్ని సమర్థించుకోవడానికే ఖర్చవుతుంది.

సాధనకు 1971 డిసెంబరు 4వ తేదీ రాత్రిని తీసుకోండి. రాజస్థాన్ ఎడారిలో లోంగేవాలా. మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురి దగ్గర 23 పంజాబ్‌కు చెందిన ఒక కంపెనీ, దాదాపు 120 మంది. సరిహద్దు దగ్గర గస్తీలో ఉన్న సెకండ్ లెఫ్టినెంట్ ధరమ్ వీర్ బృందం చీకట్లో ట్యాంకుల చప్పుడు వింది, ఆ మాట వెంటనే వెనక్కి చేరవేసింది. చాంద్‌పురి దగ్గర జీపు మీద అమర్చిన ట్యాంకు విధ్వంసక తుపాకీ, మీడియం మెషిన్ గన్లు, మోర్టార్లు ఉన్నాయి. ట్యాంకులు లేవు. జైసల్మేర్‌లోని హంటర్ విమానాలు తెల్లవారితే గానీ పోరాడలేవు. ఆయన ముందు రెండు దారులు: ఉండి పోరాడటం, లేదా కాలినడకన వెనక్కి తగ్గడం.

ఇక్కడ పుస్తకం మూసేసి మీ కాగితం మీద రాయండి. అందరికీ సరిపడా వాహనాలు లేవు, కాబట్టి? ఇసుకలో నడిచేవాళ్లను ట్యాంకులు తరుముతాయి, కాబట్టి? మన మోర్చాలు ఎత్తైన దిబ్బ మీద ఉన్నాయి, చుట్టూ మెత్తని ఇసుక, కాబట్టి? తెల్లవారడానికి ఇన్ని గంటలుంది, కాబట్టి? రాయడం పూర్తయ్యాక జరిగింది చదవండి. ఆయన ఉండిపోయారు. ముందుకొచ్చిన శత్రువు ముళ్లతీగ చూసి, మందుపాతరలు ఉన్నాయేమోనని తటపటాయించి విలువైన సమయం పోగొట్టుకున్నాడు. పొద్దు పొడిచాక హంటర్లు వచ్చి, దాక్కోవడానికి చెట్టు కూడా లేని ఎడారిలో ట్యాంకులను వేటాడాయి. చాంద్‌పురికి మహావీర్ చక్ర ఇచ్చారు. ధైర్యం గురించి అందరూ చెబుతారు, అది నిజమే. కానీ నాకు ఈ కథలో నచ్చేది, ఆ రాత్రి నిలబడటం వీరావేశమే కాదు, లెక్క కూడా. చీకట్లో విన్న ఒక చప్పుడును ఒక కుర్ర అధికారి దాచుకోకుండా చెప్పడం, పైవాడు దాన్ని కొట్టిపారేయకపోవడం ఆ లెక్కకు మొదటి అంకె.

యుద్ధాలు చదివి ఊరుకుంటే సగం పనే. ఆదివారం పొద్దున్నే మీ ఊరి గుట్ట ఎక్కండి. పది మందితో దీన్ని రాత్రంతా కాపాడాలంటే ఎవరిని ఎక్కడ కూర్చోబెడతారో నిర్ణయించుకోండి. తర్వాత కిందికి దిగి, దాన్ని పట్టుకోవాలనుకునేవాడి కళ్లతో మళ్లీ చూడండి. పైనుంచి సాఫుగా కనిపించిన వాలులో మనిషి పాక్కుంటూ రాగల గండి ఒకటి తప్పకుండా ఉంటుంది. దళాలు లేకుండా నేల మీద చేసే ఇలాంటి కసరత్తు అకాడమీల్లో నిత్యం ఉంటుంది. మీకు గుట్ట చాలు.

ఆదేశం చెప్పడం

ఎంత మంచి పథకమైనా చివరి జవాను బుర్రలోకి చేరాకే పథకం. దీనికి సైన్యంలో స్థిరపడిన వరస ఉంది: ముందు నేల పరిచయం, తర్వాత శత్రువు, మనవాళ్ల సమాచారం, తర్వాత పని ఏమిటి, తర్వాత ఎలా చేస్తాం, తర్వాత తిండి, నీళ్లు, మందుగుండు, గాయపడినవాళ్ల తరలింపు, చివర ఎవరి తర్వాత ఎవరు బాధ్యత తీసుకుంటారు, రేడియో సంకేతాలు ఏమిటి. ఈ వరస ఎప్పుడూ మారదు. మారకపోవడమే దాని బలం. నిద్రమత్తులో ఉన్న మనిషికి కూడా ఏ సంగతి ఎప్పుడు వస్తుందో తెలుసు.

నేల మీద నమూనా చేయండి. ఇసుక, రాళ్లు, ఆకులు, సున్నం, వాగుకు తాడు ముక్క. ఉత్తరం ఎటో ముందు చూపండి. పనిని ఒకే వాక్యంలో చెప్పి, అదే వాక్యాన్ని మళ్లీ చెప్పండి. "త్వరగా వెళ్లి ఆ చెట్ల దగ్గర చూసుకోండి" అంటే ఆదేశం కాదు. "రెండో సెక్షన్ నాలుగున్నరకల్లా ఒంటి తాడిచెట్టు దగ్గర ఉండాలి, కుడి పక్క నుంచి ఎవరూ వాగు దాటకుండా ఆపాలి, మూడో సెక్షన్ గుట్ట ఎక్కడానికి అది అవసరం" అంటే ఆదేశం. చివరి ముక్క వదిలేయకండి. ఎందుకో తెలిసిన సెక్షన్ కమాండర్, పరిస్థితి మారి మీతో రేడియో తెగిపోయినా, సరైన పని చేయగలడు.

"ఎవరికైనా అనుమానం ఉందా?" అని అడగడం ఆనవాయితీ. ఎవరూ చెయ్యి ఎత్తరు. దాని బదులు ఒక్కొక్కరినీ తమ పని తిరిగి చెప్పమనండి. వెనక వరసలో కూర్చున్న కొత్త కుర్రాడితో మొదలుపెట్టండి. అతను తడబడితే తప్పు అతనిది కాదు, మీ మాటది. ఇంకో సంగతి, మీకు దొరికిన సమయంలో మూడో వంతులో మీ పని ముగించండి. మిగతా రెండు వంతులు కింది వాళ్లవి. వాళ్లూ తయారు కావాలి కదా.

మొదటి ప్లాటూన్, మొదటి మూడు నెలలు

సుబేదార్ సాబ్‌తో కూర్చుని టీ తాగండి. మీకంటే రెండు దశాబ్దాల సర్వీసు ఎక్కువ ఉన్న మనిషి. హోదాలో మీరు పైన, అనుభవంలో ఆయన పైన, ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. "మీరైతే ఏం చేస్తారు?" అని అడగండి. నిర్ణయం, దాని బాధ్యత మాత్రం మీవే. అడగడానికి సిగ్గుపడే అధికారికి ఎవరూ ఏమీ చెప్పరన్నది నాకు మూడు కిలోమీటర్ల నడకతో తెలిసివచ్చింది.

నెల లోపు ప్రతి మనిషి పేరు, ఊరు, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఎప్పుడు సెలవు తీసుకున్నాడు, ఇవన్నీ చూడకుండా చెప్పగలగాలి. తెలుగు పిల్లలకు హిందీ మొదటి అడ్డంకి. వ్యాకరణం తప్పినా మాట్లాడండి, నవ్వితే నవ్వనివ్వండి. గోర్ఖా దళంలో చేరిన అధికారి వాళ్ల భాష నేర్చుకుంటాడు. మీ జవాన్లు ఏ భాషలో కలలు కంటారో ఆ భాషలో నాలుగు ముక్కలు మీకూ రావాలి. లంగర్‌లో, అంటే జవాన్ల భోజనశాలలో, చెప్పాపెట్టకుండా కూర్చుని వాళ్లతో తినండి. పప్పు ఎంత పలచగా ఉందో నివేదికలు చెప్పవు.

కవాతు ముగిశాక పాదాలు చూడండి. ఇది కొత్త అధికారులు మొహమాటపడే పని. బూట్లు విప్పించి, టార్చి పట్టుకుని, ఒక్కొక్కరి ముందూ గొంతుకూర్చుని మడమ, వేళ్ల సందులు చూడాలి. తడిసిన మేజోళ్లు మార్పించాలి, బొబ్బలను చిదమనివ్వకూడదు. బొబ్బ ఉన్నవాడు "ఏమీ లేదు సాబ్" అనే అంటాడు. కాళ్లు చూస్తేనే తెలుస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని కాలు చూసిన అధికారికి, మర్నాడు ఆ జవాను తమ్ముడి చదువు గురించో, ఇంట్లో పొలం తగాదా గురించో కూడా చెబుతాడు. తలలో తగాదా పెట్టుకుని కాపలా కాసే మనిషి గురించి మీకు తెలిసి ఉండాలి.

పైవాళ్లకు నచ్చని మాట

1971 ఏప్రిల్‌లో ప్రధాని ఇందిరా గాంధీ తూర్పు పాకిస్తాన్‌లోకి సైన్యాన్ని పంపే మాట ఎత్తినప్పుడు, ఇప్పుడు సిద్ధంగా లేమని తాను చెప్పినట్టు అప్పటి సైన్యాధిపతి జనరల్ మానెక్‌షా తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. వర్షాకాలం వస్తే అక్కడి నదులు సముద్రాలవుతాయి, మంచు కరిగితే ఉత్తరాన చైనా వైపు కనుమలు తెరుచుకుంటాయి. యుద్ధం డిసెంబరులో జరిగింది. ఆయన కాదని మాత్రమే అనలేదు, కారణాలూ సమయమూ చేతిలో పెట్టి మరీ అన్నారు.

లెఫ్టినెంటు స్థాయిలో దీని పద్ధతి ఇది. నిర్ణయం కాకముందే, నలుగురి ముందు కాకుండా, ప్రత్యామ్నాయంతో సహా కంపెనీ కమాండర్‌కు చెప్పండి. ఆయన విని కూడా తన నిర్ణయమే ఖాయం చేస్తే, బయటికి వచ్చి "పైవాళ్లు అలా అన్నారు" అనకండి. మీ సొంత ఆదేశంలా చెప్పండి. చట్టవిరుద్ధమైన ఆదేశం సంగతి వేరు. 1950 నాటి సైనిక చట్టం శిక్షించేది న్యాయబద్ధమైన ఆదేశాన్ని ధిక్కరించడాన్ని. ఆ "న్యాయబద్ధమైన" అన్న మాట ఊరికే పెట్టలేదు. పట్టుబడ్డవాడిపై చెయ్యి చేసుకోమని ఎవరు చెప్పినా చేయకూడదు, మీ జవానునూ చేయనివ్వకూడదు. ఇక చెడ్డ వార్త అయితే వేడిగా ఉండగానే పైకి పంపండి: ఏం జరిగింది, ఇప్పుడు ఏం చేస్తున్నాను, నాకు ఏం కావాలి. ఎవరి తప్పో తర్వాత.

పని ముగిశాక పావుగంట

ప్రతి కసరత్తు తర్వాత, స్నానాలకు వెళ్లేలోపే, ప్లాటూన్‌ను గుండ్రంగా కూర్చోబెట్టండి. ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎక్కడ వచ్చింది. అందరికంటే చిన్నవాడు మొదట మాట్లాడాలి. పెద్దవాళ్లు మొదలుపెడితే చిన్నవాళ్లు తల ఊపుతారు, అంతే. అయితే చిన్నవాడు నోరు తెరవాలంటే మీ తప్పు మీరు ముందే ఒప్పుకుని ఉండాలి.

ఆ రాత్రి కవాతు తర్వాత నేను చేసింది అదే, సుబేదార్ సాబ్ సలహా మీదే. "దారి తప్పింది నా వల్ల. దిక్సూచి పక్కన రైఫిల్ పెట్టుకున్నాను" అన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఒకరిద్దరు నేల చూపులు చూశారు. అవమానంతో చెవులు వేడెక్కిన సంగతి ఇప్పటికీ గుర్తుంది.

పది రోజులకు మళ్లీ రాత్రి కవాతు. మొదటి మలుపు దగ్గర ఆగి జేబులోంచి దిక్సూచి తీశాను. వెనక చీకట్లోంచి, ప్లాటూన్‌లో అందరికంటే కొత్తవాడి గొంతు, గుసగుసగా:

"సాబ్... రైఫిల్."